వాయిదా అడిగారు, మెమో సంగతి అడగలేదు

2021 జూన్ 24న ఆంధ్రప్రదేశ్ ఇంటర్ పరీక్షల మీద సుప్రీంకోర్టులో నడిచిన వాదన చివరికి ఒక భాగహారం దగ్గర తేలింది. సెకండియర్ విద్యార్థులు 5.19 లక్షల మంది. గదికి 15 మందిని కూర్చోబెడతామని ప్రభుత్వం చెప్పింది. అంటే 34,600కు పైగా గదులు కావాలి. అన్ని గదులున్నాయా? వాటిలో గాలాడుతుందా? అంతమంది ఇన్విజిలేటర్లు ఎక్కడి నుంచి వస్తారు? జూలై ఆఖర్లో పరీక్ష పెడితే పేపర్లు దిద్ది ఫలితాలిచ్చేది ఎప్పుడు? అసలు ఈ నిర్ణయం ఎవరు తీసుకున్నారు, ఆ ఫైలేది? ధర్మాసనం వరసగా అడుగుతూ పోయింది. ఒక్క ప్రాణం పోయినా కోటి రూపాయల పరిహారం మాట ఆలోచించాల్సి వస్తుందని కూడా అంది. ఆ సాయంత్రమే విద్యామంత్రి ఆదిమూలపు సురేష్ ఇంటర్, పది పరీక్షలు రెండూ రద్దని ప్రకటించారు.

ఆ కోటి రూపాయల మాట మర్నాడు చాలామంది నోట 'కోర్టు ఆదేశం' అయిపోయింది. అది ఆదేశం కాదు, విచారణలో న్యాయమూర్తి నోటిమాట. కోర్టులో అన్నదానికీ, కోర్టు రాసి సంతకం పెట్టినదానికీ ఉన్న తేడా ఈ వివాదాల్లో మొదట పట్టుకోవాల్సిన సంగతి. నోటిమాటకి భయపడి ప్రభుత్వం దిగిరావచ్చు గాని, రేపు దాన్ని పట్టుకుని ఇంకో పిల్లవాడు హక్కు అడగలేడు.

పరీక్షలు ఆపడం తప్పని నేననను. రెండో వేవ్ నాటి ఆసుపత్రులు గుర్తున్నవాళ్లెవరూ అనరు. నా ఫిర్యాదు వేరే. ఆ రెండేళ్లలో దేశం నలుమూలలా దాఖలైన పిటిషన్లలో ఎక్కువ భాగం రెండే కోరాయి: వాయిదా వెయ్యండి, లేదా రద్దు చెయ్యండి. పరీక్ష పోతే దాని చోటులో ఏ లెక్కన మార్కులేస్తారు, మెమో మీద ఏం రాస్తారు, ఆ మెమో చూసి సీటో ఉద్యోగమో ఇచ్చేవాళ్లు దాన్ని ఎలా చదువుకుంటారు అన్న ప్రశ్న చాలా పిటిషన్ల 'ప్రేయర్'లో, అంటే కోర్టుని ఏం కోరుతున్నామో రాసే భాగంలో, లేనేలేదు. దాని ఖరీదు పెద్ద నగరాల పిల్లల కంటే శ్రీకాకుళం, విజయనగరం పిల్లలకే ఎక్కువ పడింది. ఎందుకో లెక్కలతో చెప్తాను.

ముందు 2020. ఆ ఏడాది మన రాష్ట్రంలో పది పరీక్షలు మొదట మార్చి 23న మొదలవ్వాలి. స్థానిక ఎన్నికల వల్ల 31కి జరిగాయి, లాక్‌డౌన్‌తో అవీ ఆగాయి. తర్వాత జూలై 10 నుంచి 17 దాకా అన్నారు, 11 పేపర్లని 6కి కుదించారు. జూన్ 20న మొత్తం రద్దు చేసి అందరూ పాసన్నారు.

ఈ మధ్యలో మన రెండు జిల్లాలది విచిత్రమైన స్థితి. ఏప్రిల్ మూడో వారం దాటినా రెండిటిలోనూ ఒక్క కేసు లేదు. శ్రీకాకుళంలో తొలి కేసులు ఏప్రిల్ ఆఖర్లో పాతపట్నం వైపు బయటపడ్డాయి. విజయనగరం మే దాకా నిలబడింది, రాష్ట్రంలో అన్నిటికన్నా ఆఖరున తలుపు తెరిచిన జిల్లా అదే. 'ఇక్కడ జబ్బే లేదు కదా, మా పిల్లలకి పరీక్ష పెట్టేస్తే ఏం?' అన్న ప్రశ్న అప్పట్లో సహజంగానే వచ్చేది. న్యాయపరంగా అది తెలివితక్కువ ప్రశ్నేం కాదు. పక్క రాష్ట్రంలో హైకోర్టు సరిగ్గా అలాంటి గీతే గీసింది. తెలంగాణలో పది పరీక్షలు 2020 మార్చి 19న మొదలయ్యాయి. హైకోర్టు 20న జోక్యం చేసుకోవడంతో 21 నాటి పేపరుతో ఆగాయి, మూడు పేపర్లయి ఎనిమిది మిగిలాయి. జూన్ 8 నుంచి మిగతావి పెడతామంటే, జూన్ 6న హైకోర్టు జీహెచ్‌ఎంసీ, రంగారెడ్డి పరిధిలో వద్దు, మిగతా చోట్ల పెట్టుకోవచ్చంది. ప్రభుత్వం మాత్రం రెండు ముక్కలుగా పెట్టలేమని మొత్తం ఆపేసింది. రెండు రోజుల్లో రద్దు చేసి 5.34 లక్షల మందిని ఇంటర్నల్ మార్కులతో పై తరగతికి పంపేసింది.

రెండు ముక్కలుగా ఎందుకు పెట్టలేరు? మొండితనం వల్ల కాదు. పదో తరగతి అంటే ఒకే రోజు, ఒకే గంటకి, ఒకే ప్రశ్నపత్రం. శ్రీకాకుళం ఏప్రిల్‌లో రాసి కృష్ణా జిల్లా జూలైలో రాస్తే రెండు ప్రశ్నపత్రాలు కావాలి. రెండూ ఒకే కష్టంతో ఉండవు. ఎంసెట్‌లో (ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్) పూటకో పేపరు ఇచ్చి, ఆ తేడాని నార్మలైజేషన్‌తో సరిచేస్తారు. దానికి కంప్యూటరుంది, బిట్లున్నాయి. చేత్తో రాసిన వ్యాసరూప జవాబులకి పది బోర్డు దగ్గర అలాంటి సాధనం లేదు. పేపరు తేలికైన జిల్లా పిల్లలు ట్రిపుల్ ఐటీ సీట్లు ఎగరేసుకుపోతే, అవతలి జిల్లావాళ్లు సమానత్వ హక్కునిచ్చే రాజ్యాంగం 14వ అధికరణం పట్టుకుని మర్నాడే కోర్టుకెళ్తారు, గెలుస్తారు కూడా. జబ్బు లేని జిల్లా కూడా ఆగాల్సి వచ్చిన అసలు కారణం ఇది.

పైగా 'జిల్లాలో కేసుల్లేవు' అన్నంత మాత్రాన పిల్లవాడు సెంటరుకి చేరుకుంటాడని కాదు. సీతంపేట ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) కింద ఆశ్రమ పాఠశాలల్లో చదివే పిల్లలు హాస్టళ్లు మూసేసరికి కొండమీది ఊళ్లకి వెళ్లిపోయారు. వాళ్ల సెంటరు హాస్టలుకి దగ్గరిది, ఇంటికి కాదు. ఆర్టీసీ బస్సులు మే 21 దాకా కదల్లేదు, కదిలినా సగం సీట్లే. మత్స్యకార కుటుంబాల మగవాళ్లు ఏప్రిల్ ఆఖరు దాకా గుజరాత్‌లోని వేరావల్ రేవులో చిక్కుకుని ఉన్నారు. ఉద్దానం నుంచి వలసెళ్లిన ఇళ్లలో ఎవరు ఎక్కడున్నారో తెలియని రోజులవి. సెంటరు మార్చుకునే వీలు లేకుండా 'పరీక్ష పెట్టండి' అనడం కాగితం మీద బాగుంటుంది. అందుకే చెప్తున్నాను, వాయిదా మీద పోరాడినవాళ్లు న్యాయమైన పోరాటమే చేశారు. పోరాటం సగంలో ఆగింది, అంతే.

ఇక గదుల లెక్క. సుప్రీంకోర్టు అడిగిన భాగహారాన్ని ఒక్క బడికి దించితే విషయం సులువుగా బోధపడుతుంది. ఓ జిల్లా పరిషత్ హైస్కూల్లో 12 గదులున్నాయనుకుందాం. మామూలు రోజుల్లో గదికి 24 మంది చొప్పున 288 మంది రాస్తారు. గదికి 12 మందే అంటే 144. మిగిలిన 144 మందికి ఇంకో కేంద్రం కావాలి. ఇంకో కేంద్రమంటే ఖాళీ భవనం ఒక్కటే కాదు. ఒక చీఫ్ సూపరింటెండెంటు, ఒక డిపార్ట్‌మెంటల్ అధికారి, 12 మంది ఇన్విజిలేటర్లు, ప్రశ్నపత్రాలు భద్రపరిచేందుకు అందుబాటులో పోలీస్‌స్టేషను, పొద్దున్నే అక్కడి నుంచి కట్టలు తెచ్చే బండి, జవాబుపత్రాలు సీలు వేసి పంపే ఏర్పాటు. పిల్లల్ని పలచన చేస్తే పెద్దల గుంపు పెరుగుతుంది. ఆ పెద్దల్లో యాభై దాటిన టీచర్లు ఎందరో! పరీక్షయ్యాక ఆ కట్టలన్నీ జిల్లా కేంద్రంలో స్పాట్ వాల్యుయేషన్‌కి చేరతాయి. అక్కడ ఒకే హాల్లో వందలమంది పక్కపక్కన కూర్చుని దిద్దుతారు. పరీక్ష గది గురించి అఫిడవిట్లలో పేజీలకు పేజీలు రాసినవాళ్లు ఈ స్పాట్ హాలు గురించి ఎందుకంత తక్కువగా మాట్లాడారో నాకిప్పటికీ అర్థం కాదు.

సరే, పరీక్ష పోయింది. అసలు కథ ఇప్పుడు.

2020 పది బ్యాచ్ చేతికి మొదట వచ్చింది గ్రేడ్లు లేని 'పాస్'. ఇంటర్‌లో చేరడానికి అది చాలు. పాలిటెక్నిక్‌కి ఎలాగూ పాలిసెట్ ఉంది. చిక్కంతా పదో తరగతి ప్రతిభనే నేరుగా కొలబద్దగా పెట్టుకున్న చోట్ల. మన జిల్లాకి సంబంధించి అలాంటి చోటు ఎచ్చెర్ల మండలం ఎస్.ఎం.పురంలో కళ్లెదుటే ఉంది. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, అదే మన ట్రిపుల్ ఐటీ. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలుతో కలిపి నాలుగు క్యాంపస్‌ల్లో దాదాపు నాలుగు వేల సీట్లు. ప్రవేశ పరీక్ష లేదు, అప్పట్లో పది జీపీఏయే (గ్రేడ్ పాయింట్ల సగటే) ఆధారం. ప్రభుత్వ బడుల పిల్లలకి పైన 0.4 పాయింట్లు కలిపేవారు. ఊరి బడిలో చదివిన కూలీ ఇంటి పిల్ల కోచింగ్ మొహం చూడకుండా ఇంజనీరింగ్‌కి పోగలిగిన దారి అది.

జీపీఏ లేకపోయేసరికి విశ్వవిద్యాలయం ఏం చేసింది? 2020 డిసెంబరు 5న ఆర్‌జీయూకేటీ సెట్ అని పరీక్ష పెట్టింది. లెక్కలకి 50, భౌతిక రసాయన శాస్త్రానికి 25, జీవశాస్త్రానికి 25, మొత్తం నూరు మార్కుల బిట్లు. 2021 సెప్టెంబరులో మళ్లీ అదే. సురక్షితం కాదని ఒక పరీక్ష రద్దు చేసి, దాని ఫలితం లేదు గనక ఇంకో పరీక్ష పెట్టారన్నమాట. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు. తిరిగొచ్చిన పరీక్ష పాతది కాదు. ఆరు సబ్జెక్టుల్లో ఏడాదంతా సానబెట్టిన చదువుని కొలిచేది పోయి, మూడు సబ్జెక్టుల్లో బిట్లు గబగబా గుర్తించేవాళ్లని ఏరే పరీక్ష వచ్చింది. ఆన్‌లైన్ కోచింగ్‌కి ఫోనూ సిగ్నలూ ఉన్నవాడికి అది అనుకూలం. గుమ్మలక్ష్మీపురం వైపు చెట్టెక్కి సిగ్నల్ వెతుక్కునే పిల్లకి కాదు. విశ్వవిద్యాలయాన్ని నేను తప్పుపట్టను, వాళ్ల ముందు ఇంకో దారి లేదు. జూన్‌లో 'అందరూ పాస్' అన్న రోజే 'గ్రేడ్లెలా?' అని ఎవరో ఒకరు కోర్టు ముందు పెట్టి ఉండాల్సింది.

రెండో చోటు సైన్యం. తెల్లవారుజామున శ్రీకాకుళం కోడి రామమూర్తి స్టేడియంలోనో, విజయనగరం విజ్జీ స్టేడియంలోనో చూస్తే తెలుస్తుంది, ఈ జిల్లాల కుర్రాళ్లకి ఆర్మీ ర్యాలీ అంటే ఏమిటో. జనరల్ డ్యూటీకి అర్హత పదో తరగతిలో మొత్తం మీద 45 శాతం, ప్రతి సబ్జెక్టులో 33. గ్రేడ్లిచ్చే బోర్డులకి దానికి సరిపడా గ్రేడ్ల పట్టిక ఉంటుంది. ఉత్త 'పాస్'కి ఏ పట్టికా లేదు. 1,600 మీటర్లు అందరికన్నా ముందు పరుగెత్తినవాడు కాగితం బల్ల దగ్గర ఆగిపోయే పరిస్థితి. మూడోది తపాలా శాఖ గ్రామీణ డాక్ సేవక్. రాత పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు, పది మార్కులే మెరిట్ లిస్టు. గ్రేడ్ పాయింటుంటే 9.5తో గుణించి శాతం చేసుకుంటారు. శూన్యాన్ని దేనితో గుణిస్తారు?

ఈ ఇబ్బంది ప్రభుత్వానికీ తెలిసొచ్చింది. 2021లో విశ్రాంత ఐఏఎస్ అధికారి ఛాయారతన్ ఆధ్వర్యంలో కమిటీ వేసి, 2020, 2021 బ్యాచ్‌లు రెండింటికీ గ్రేడ్లు ఎలా ఇవ్వాలో తేల్చారు. 2021 ఆగస్టు 6న ప్రకటించారు. అంటే 2020 పిల్లలకి పరీక్ష రద్దయిన ఏడాది దాటాక గ్రేడ్లొచ్చాయి. ఈలోపు ట్రిపుల్ ఐటీ సీట్లు నిండిపోయాయి.

ఆ లెక్క ఎలా చేశారో చూడదగ్గది. 2020 వాళ్లకి బడిలో ఏడాది మధ్యమధ్యలో చేసే చిన్న మదింపులు, అంటే మూడు ఫార్మేటివ్‌లు సగం, మొదటి సమ్మేటివ్ (బడిలో పెట్టే పెద్ద పరీక్ష) సగం. 2021 వాళ్లకి బళ్లే సరిగ్గా నడవలేదు కాబట్టి రెండు ఫార్మేటివ్‌లే ఆధారం. ఫార్మేటివ్ అంటే 50 మార్కులు: తరగతిలో పాల్గొనడానికి 10, నోటు పుస్తకాలకి 10, ప్రాజెక్టుకి 10, స్లిప్ టెస్టుకి 20. మొదటి 30 మార్కులు చాలావరకు టీచరు చేతిలోవి. ఏ బడిలోనైనా అవి 26, 27 దగ్గర తిరుగుతాయని పంతుళ్లందరికీ తెలుసు, కొన్ని ప్రైవేటు బళ్లలో ఏకంగా 30కి 30. అందుకని కమిటీ ఆ 30ని నూటికి 30గానే ఉంచి, రాసిన 20 మార్కుల స్లిప్ టెస్టుని 70కి పెంచింది. ఒక పిల్లకి 27, 12 వచ్చాయనుకుందాం. మామూలుగా కూడితే 50కి 39, అంటే 78 శాతం. కమిటీ లెక్కలో 27కి 42 కలిపి 69. స్లిప్ టెస్టులో 18 తెచ్చుకున్న ఇంకో పిల్లకి మామూలుగా 90, కమిటీ లెక్కలోనూ 27 ప్లస్ 63, అదే 90. ఉదారంగా పంచిన మార్కులకి కత్తెర పడింది, రాసి తెచ్చుకున్నవి నిలబడ్డాయి. నా మటుకు నాకిది మంచి పద్ధతే. కానీ రూల్సు ఆట అయిపోయాక వచ్చాయి. 20 మార్కుల చిట్టి పరీక్ష తన భవిష్యత్తులో 70 వంతులు మోస్తుందని రాసిన రోజున ఏ పిల్లకీ తెలియదు. జ్వరమొచ్చి ఓ స్లిప్ టెస్టు ఎగ్గొట్టినవాడి గతేమిటి? ఇవి కోర్టు ముందు ముందుగానే చర్చకి రావాల్సిన ప్రశ్నలు.

రాలేదు, ఎందుకంటే పిటిషన్లు నిష్ఫలమైపోయాయి. కోర్టు భాషలో ఇది చాలా మామూలు మాట. 'పరీక్ష రద్దు చెయ్యండి' అన్నది ఒక్కటే మీ ప్రేయరయితే, ప్రభుత్వం రద్దు చేసిన క్షణాన ఆ రిట్‌లో తేల్చాల్సింది ఇంకేమీ ఉండదు. ప్రభుత్వ న్యాయవాది (జీపీ) లేచి 'రద్దు చేశామండి' అంటారు, కోర్టు రెండు వాక్యాల ఉత్తర్వుతో ముగిస్తుంది. మార్కుల పద్ధతి మీద మాట్లాడాలంటే మళ్లీ కొత్త రిట్ వెయ్యాలి, కొత్తగా నంబరు కావాలి, అప్పటికి కౌన్సెలింగ్ మొదలైపోతుంది.

అలా ముగిసిపోకుండా ఎలా నిలబెట్టొచ్చో సీబీఎస్‌ఈ కేసులు చూపించాయి. 2020 జూన్ 26న సుప్రీంకోర్టు రద్దుని ఒప్పుకుంటూనే, మిగిలిన పేపర్లకి రాసిన వాటిలో మెరుగైన మూడింటి సగటు లాంటి పద్ధతిని రికార్డులోకి ఎక్కించింది. 2021లో మమతా శర్మ కేసులో ప్రధాని సమావేశం తర్వాత జూన్ 1నే పన్నెండో తరగతి పరీక్ష రద్దయినా కోర్టు కేసు మూసెయ్యలేదు. పద్ధతి పట్టుకురండి అంది. 17న 30:30:40 సూత్రం వచ్చింది. పదిలో మంచి మూడు సబ్జెక్టులకి 30, పదకొండుకి 30, పన్నెండులో బడి పరీక్షలకి 40. ఫలితం మీద అభ్యంతరముంటే ఎవరికి చెప్పుకోవాలో, కావాలనుకున్నవాళ్లకి పరీక్ష ఎప్పుడు పెడతారో కూడా అందులో ఉండాలంది. వెన్నెలవలస, కిల్తంపాలెం నవోదయల్లో, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివిన మన జిల్లాల పిల్లలకి ఆ రక్షణ దక్కింది. అనుభా శ్రీవాస్తవ సహాయ్ కేసులో రాష్ట్ర బోర్డులకీ అలాగే పది రోజుల్లో పద్ధతి చెప్పాలి, జూలై 31లోగా ఫలితాలివ్వాలి అన్న గడువు పడింది. దేశమంతా ఒకే పద్ధతి పెట్టమంటే మాత్రం కోర్టు ఒప్పుకోలేదు, ఏ బోర్డు స్వతంత్రం దానిదే అంది.

ఇక్కడ మన ఇంటర్ బోర్డు వాదన గురించి ఒక మాట అనాలి. పరీక్ష తప్ప వేరే దారి లేదని సుప్రీంకోర్టులో గట్టిగా చెప్పారు. పదిలో గ్రేడ్లే గాని మార్కుల్లేవు, కాలేజీల ఇంటర్నల్ పరీక్షల మీద బోర్డుకి అదుపు లేదు, కాబట్టి నమ్మదగిన ఆధారం లేదన్నారు. కొంత నిజమే. కానీ ఆ బ్యాచ్ ఫస్టియర్ పబ్లిక్ పరీక్షలు లాక్‌డౌన్‌కి ముందే, 2020 మార్చిలో, బోర్డు స్వయంగా పెట్టింది. దేశంలో చాలా బోర్డులకి లేని ఆస్తి అది: పదకొండో తరగతికి కూడా బయటివాళ్లు దిద్దిన పబ్లిక్ మార్కులు. ప్రాక్టికల్స్ కూడా 2021 ఏప్రిల్ నాటికి అయిపోయాయి. చివరికి జూలై 23న ఇచ్చిన ఫలితాల్లో ఫస్టియర్ మార్కులకే 70 వంతులు వేశారు, పదిలో మంచి మూడు సబ్జెక్టులకి 30. ఫిజిక్స్‌లో ఫస్టియర్ 60కి 42 వచ్చి, పది సగటు 90 ఉంటే, 49కి 27 కలిపి 76 శాతం, అంటే సెకండియర్ ఫిజిక్స్ 60కి 45.6. సొంత అలమారాలో ఉన్నదాన్ని జూన్ 24 దాకా ఎందుకు లేదన్నారు? మొదటి రోజే ఈ 70:30ని ప్రత్యామ్నాయంగా అఫిడవిట్‌లో పెట్టి ఉంటే, ఆ నెలంతా 'రాయాలా వద్దా' అని పిల్లలు నలిగిపోయేవాళ్లు కారు.

డిగ్రీ వాళ్ల సంగతి వేరు. 2020 ఆగస్టు 28న ప్రణీత్ కేసులో సుప్రీంకోర్టు, విపత్తు నిర్వహణ చట్టం కింద రాష్ట్రం యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) గడువుని దాటి పరీక్ష వాయిదా వెయ్యొచ్చు గాని, పరీక్షే లేకుండా ఫైనలియర్ వాళ్లని పాస్ చేసెయ్యలేదని తేల్చింది. అందుకే ఎచ్చెర్ల అంబేద్కర్ విశ్వవిద్యాలయం డిగ్రీ ఫైనలియర్ వాళ్లు రాయక తప్పలేదు, అదే మండలంలో పది పిల్లలు రాయకుండానే గట్టెక్కారు. వింతగా కనిపించినా చట్టంలో వింతేం లేదు. డిగ్రీ ప్రమాణం యూజీసీది, దాన్ని రాష్ట్రం తగ్గించలేదు. పది పరీక్ష రాష్ట్రానిదే, పెట్టేదీ మానేదీ అదే.

వాయిదా వేసి, పైకి పంపేసి, తర్వాత పరీక్ష పెడితే ఏమవుతుందో తెలంగాణ ఇంటర్ చూపించింది. ఫస్టియర్ వాళ్లని సెకండియర్‌లోకి పంపాక, 2021 అక్టోబరు 25 నుంచి ఫస్టియర్ పరీక్ష పెట్టారు. ఆపమంటూ వేసిన పిటిషను మూడు రోజుల ముందు విచారణకొచ్చింది, హైకోర్టు ఆపలేదు. డిసెంబరులో 49 శాతమే పాసయ్యారు. గొడవలయ్యాక అందరికీ కనీసం 35 వేసి పాస్ చేశారు. హాల్‌టికెట్లు పంచాక, కేంద్రాలు సిద్ధమయ్యాక స్టే రావడం దాదాపు అసాధ్యం. కోర్టుకి వెళ్లదలచుకుంటే టైంటేబుల్ వచ్చిన వారంలో వెళ్లాలి. 2022 ఫిబ్రవరిలో ఆఫ్‌లైన్ పరీక్షలు వద్దంటూ వేసిన పిటిషన్ని సుప్రీంకోర్టు కొట్టేస్తూ, ఇలాంటివి పిల్లల్లో లేనిపోని ఆశలు రేపుతున్నాయని మందలించింది కూడా.

ఇకముందు ఇలాంటి కష్టమే వస్తే, అది జబ్బే కానక్కర్లేదు, తిత్లీలాంటి తుఫాను చాలు, కాగితాలు ఏ వరసలో కదలాలో చెప్తాను.

ముందు వినతిపత్రం. పదికైతే ప్రభుత్వ పరీక్షల సంచాలకులకి, ఇంటర్‌కైతే బోర్డు కార్యదర్శికి, నకలు జిల్లా విద్యాధికారికి (డీఈవోకి). రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచాలి. వినతే ఇవ్వకుండా నేరుగా వస్తే 'ముందు వాళ్లనడిగారా?' అని కోర్టు తొలి ప్రశ్న వేస్తుంది. అందులోనే మార్కుల పద్ధతి ఏమిటో రాతపూర్వకంగా చెప్పమనాలి. జవాబివ్వకపోవడం కూడా రిట్‌కి ఒక ఆధారమే.

రిట్ పిటిషను రాజ్యాంగం 226వ అధికరణం కింద అమరావతి హైకోర్టులో. మనకి నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరం. అయితే కోవిడ్ కాలంలో అలవాటైన వీడియో విచారణల వల్ల లాయరుండాలే గాని పిల్లవాడి తండ్రి ప్రతి వాయిదాకీ బస్సెక్కనక్కర్లేదు. పది పిల్లలు మైనర్లు, ఇంటర్ పిల్లల్లోనూ ఎక్కువమంది మైనర్లే. అఫిడవిట్ మీద తండ్రో తల్లో సంతకం చెయ్యాలి. వాళ్లు చెన్నైలోనో సూరత్‌లోనో ఉంటే, ఆ పిల్లవాడితో ప్రయోజనాల్లో పేచీ లేని పెద్దవారెవరైనా సంరక్షకుడిగా వెయ్యొచ్చు. విద్యాహక్కు చట్టాన్ని ఆధారం చేసుకోవద్దు, అది 14 ఏళ్ల దగ్గర ఆగిపోతుంది. సమానత్వం, జీవించే హక్కు చెప్పే 14, 21 అధికరణాలే బలం. వేరేవాళ్లు వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం నడుస్తుంటే, అది మన పిల్లలకి నష్టమనిపిస్తే ఊరుకోకుండా ఇంప్లీడ్ కావాలి, అంటే ఆ కేసులో మనమూ కక్షిదారుగా చేరాలి. పరీక్ష కావాలనుకునే పిల్లల గొంతు ఈ కేసుల్లో చాలా ఆలస్యంగా వినిపించింది.

ఇక ప్రేయర్. వాయిదా లేక రద్దు ఒకటి. మార్కుల పద్ధతి ఫలానా తేదీలోగా ప్రకటించాలన్నది రెండు. మెమో మీద సబ్జెక్టువారీగా గ్రేడో మార్కో ఉండాలి, ఆ మెమో ఆధారంగా ప్రవేశాలిచ్చే సంస్థలకి తెలియజెయ్యాలన్నది మూడు. ఒప్పుకోనివాళ్లకి ఐచ్ఛిక పరీక్ష ఉండాలి, రెండిటిలో మెరుగైనదే నిలవాలన్నది నాలుగు. ఈ నాలుగోది ఊహ కాదు. సీబీఎస్‌ఈ 'ఇంప్రూవ్‌మెంట్ రాస్తే ఆ మార్కులే ఫైనల్' అని పెట్టిన నిబంధనని 2022 జనవరిలో సుప్రీంకోర్టు సుకృతి కేసులో కొట్టేసింది.

ఇంటర్నల్ మార్కులు తప్పుగా ఎక్కాయన్న అనుమానముంటే కోర్టు కంటే ముందు సమాచార హక్కు. మండల స్థాయి ఆఫీసుకైతే 5 రూపాయలు, జిల్లా స్థాయికైతే 10, తెల్లకార్డు ఉంటే అదీ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆన్‌లైన్‌లో ఎక్కించిన ఫార్మేటివ్ మార్కుల నకలు, స్లిప్ టెస్టు జవాబుపత్రం నకలు అడగాలి. పరీక్ష రాసినవాడు తన జవాబుపత్రం చూసుకోవచ్చని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ప్రైవేటు బడి నేరుగా ఇవ్వకపోతే, దాని మీద అజమాయిషీ ఉన్న ఎంఈవోనో డీఈవోనో అడిగి తెప్పించుకోవచ్చు. అయితే 'మళ్లీ దిద్దండి' అని మాత్రం కోర్టుని అడక్కండి. రూల్సులో రీవాల్యుయేషన్ లేకపోతే కోర్టు పెన్ను పట్టుకోదని 1984 నుంచీ చెప్తూనే ఉంది.

లాయరు ఫీజు మాటకొస్తే, శ్రీకాకుళం, విజయనగరం రెండు చోట్లా జిల్లా న్యాయసేవాధికార సంస్థలున్నాయి. 1987 చట్టం 12వ సెక్షన్ ప్రకారం పిల్లలకి, ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు. పది పిల్లవాడు మైనరే కాబట్టి ఆదాయ ధ్రువపత్రం కోసం సచివాలయం చుట్టూ తిరగనక్కర్లేదు, వయసు చూపిస్తే చాలు. హైకోర్టు కేసయినా దరఖాస్తు ఇక్కడే ఇవ్వొచ్చు, వాళ్లే అమరావతికి పంపుతారు.